మీరు సెలవులో ఉన్న రోజు డిప్లాయ్‌మెంట్

మీ టీమ్‌లో ఒక మనిషి సెలవు పెడితే రిలీజ్ వాయిదా పడుతుందా? చాలా టీముల్లో పడుతుంది. టామ్‌క్యాట్ ఏ డైరెక్టరీలో ఉందో, స్టార్ట్ చేసేముందు ఏ ఫైలు చెరపాలో, రెండు సర్వర్లలో ముందు దేన్ని ఆపాలో ఆ ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరు మీరే అయితే లోలోపల కాస్త సంతోషంగానే ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది, మర్నాడు మెయిల్లో మేనేజర్ పేరుపెట్టి మెచ్చుకుంటారు. అమెరికా క్లయింట్లకు పనిచేసే హైదరాబాదు టీముల్లో ఈ మనిషికి ఆదివారాలు ఉండవు. అక్కడి శనివారం అర్ధరాత్రి ఇక్కడ ఆదివారం పొద్దున్న కదా. ఈ అధ్యాయం వాదించేది ఒక్కటే. జావా అప్లికేషన్‌ను సర్వర్ మీద పెట్టే పని ఒకరి జ్ఞాపకంలో, వేళ్లలో ఉన్నంతకాలం ఆ అప్లికేషన్‌ను నమ్మడానికి లేదు, ఆ మనిషి ఎంత సమర్థులైనా సరే. ఆ పనంతా కంప్యూటర్ నడపగలిగే రాతగా, అంటే స్క్రిప్టుగా, కాన్ఫిగరేషన్‌గా, తనిఖీగా మారాలి. మారిందో లేదో తేల్చే పరీక్ష కూడా తేలికైనదే: నిన్న చేరిన మనిషి మీకు ఫోన్ చేయకుండా రిలీజ్ పూర్తిచేయగలగాలి.

ఈ మాటకు మొదటి ఆధారం జావా వెబ్ అప్లికేషన్ నిర్మాణంలోనే దొరుకుతుంది. 1999లో వచ్చిన సర్వ్‌లెట్ 2.2 స్పెసిఫికేషన్ వార్ ఫైలును పరిచయం చేసింది. క్లాసులు, లైబ్రరీలు, పేజీలు అన్నీ ఒకే ఫైల్లో పెడితే అది ఏ సర్వర్ మీదైనా నడవాలన్నది దాని ఆశయం. ఆ ఆశయం చాలావరకు నెరవేరింది కూడా. అయితే ఆ ఫైల్లో లేని సంగతులు చాలా ఉన్నాయి. ఏ జావా వెర్షన్, ఏ టామ్‌క్యాట్ వెర్షన్, హీప్‌కు ఎంత మెమరీ, డేటాబేస్ ఎక్కడుంది, ఏ లైనక్స్ యూజర్ కింద నడవాలి, అప్‌లోడైన ఫైళ్లు ఏ ఫోల్డర్లో పడాలి, అవతలి సర్వీసు సర్టిఫికెట్‌ను నమ్మాలా వద్దా, గడియారం ఏ దేశానిది, ఇవేవీ వార్‌లో ఉండవు. ల్యాప్‌టాప్ మీద ఇవన్నీ ఎవరూ అడగకుండానే కుదిరిపోతాయి. ఎక్లిప్స్‌లో ‘రన్ ఆన్ సర్వర్’ నొక్కి టామ్‌క్యాట్ నేర్చుకున్నవాళ్లు ఒక్కసారి టామ్‌క్యాట్ వెబ్‌యాప్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. మామూలు సెట్టింగుల్లో మీ అప్లికేషన్ అక్కడ కనిపించదు. ఎక్లిప్స్ తన వర్క్‌స్పేస్‌లో ఒక మూల కాన్ఫిగరేషన్‌కు నకలు తయారుచేసుకుని దాంతో నడిపిస్తుంది. సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు, తప్పుపట్టడానికి లేదు. కానీ సర్వర్ లోపల ఏముందో చూడకుండానే సర్వర్ మీద పనిచేశామన్న నమ్మకం కుదిరిపోతుంది.

కుదరని రోజున ఎలా ఉంటుందో చూద్దాం. జావా 17 కోసం కంపైల్ చేసిన క్లాసు ఫైల్లో 61 అన్న అంకె ఉంటుంది. సర్వర్ మీదున్న జావా 11కు 55 దాకానే తెలుసు. వెంటనే ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్’ అని చెప్పి ఆగిపోతుంది. ఇది మర్యాదగల ఎర్రర్, ముఖం మీదే చెప్తుంది. సోప్ వెబ్ సర్వీసులకు తగిలిన దెబ్బ ఇంతకంటే లోతైనది. జావా 8లో జాక్స్ డబ్ల్యూఎస్, జాక్స్‌బీ లైబ్రరీలు జావాతోపాటే వచ్చేవి. వాటిని వార్‌లో పెట్టాలన్న ఆలోచన అవసరం కూడా లేకపోయింది. 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11 వాటిని తీసేసింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, సర్వర్ మీద జావా మార్చిన రోజున, ఏళ్లుగా నడిచిన సర్వీసు క్లాసు దొరకలేదంటూ పడిపోతుంది. టామ్‌క్యాట్ 10 సంగతి ఇంకా చిత్రం. ఒరాకిల్ 2017లో జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది కానీ ‘జావాక్స్’ అన్న పేరు మీద ఒప్పందం కుదరలేదు, దాంతో ప్యాకేజీల పేర్లు ‘జకార్తా’గా మారాయి. టామ్‌క్యాట్ 9 పాత పేర్లను, 10 కొత్త పేర్లను గుర్తిస్తుంది. అనొటేషన్లతో రాసిన పాత సర్వ్‌లెట్ల వార్‌ను టామ్‌క్యాట్ 10లో వేస్తే ఏ గొడవా లేకుండా డిప్లాయ్ అయినట్టే కనిపిస్తుంది, బ్రౌజర్లో మాత్రం 404 వస్తుంది. పాత వార్‌ల కోసం టామ్‌క్యాట్‌లో వేరే ఫోల్డర్ ఉందని, అందులో వేస్తే పేర్లు అదే మార్చుకుంటుందని తెలిసిన మనిషి పక్కన ఉంటే అయిదు నిమిషాల పని. ఆ మనిషి లేకపోతే ఒక రోజు పోతుంది.

తెలుగువాళ్లకు మరింత దగ్గరి ఉదాహరణ అక్షరాలది. బైట్లను అక్షరాలుగా మార్చేటప్పుడు ఏ ఎన్‌కోడింగో కోడ్‌లో చెప్పకపోతే, జావా 17 దాకా ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగును చూసి నిర్ణయించుకునేది. 2022 మార్చిలో వచ్చిన జావా 18తోనే యూటీఎఫ్-8 డిఫాల్టు అయింది. రైతు పేరు, ఊరి పేరు తెలుగులో తీసుకుని రసీదు ఇచ్చే అప్లికేషన్ ఒకటి జావా 8 మీద నడుస్తోందనుకోండి. డిప్లాయ్ చేసే మనిషి ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి టామ్‌క్యాట్‌ను చేత్తో స్టార్ట్ చేస్తారు. ఆ షెల్‌లో భాషా సెట్టింగు యూటీఎఫ్-8గా ఉంది, అందులోంచి మొదలైన టామ్‌క్యాట్‌కూ అదే సంక్రమిస్తుంది. రసీదు మీద వెంకటేశ్వర్లు అని చక్కగా పడుతుంది. ఒక రాత్రి సర్వర్ రీబూట్ అవుతుంది. ఈసారి టామ్‌క్యాట్‌ను లేపింది ఎవరో ఎప్పుడో క్రాన్‌లో పెట్టిన ఒక లైను, దాని ఎన్విరాన్‌మెంట్‌లో భాషా సెట్టింగు లేదు. తెల్లారేసరికి రసీదుల నిండా ప్రశ్నార్థకాలు. కోడ్, వార్, డేటాబేస్ అన్నీ నిన్నటివే, స్టార్ట్ చేసింది ఎవరన్నదే మారింది. ఆ ప్రశ్నార్థకాలు డేటాబేస్‌లోకి చేరితే వాటిలోంచి పేర్లను వెనక్కి తెచ్చే దారి కూడా ఉండదు. గడియారం గొడవా ఇలాంటిదే. సర్వర్లు ఎక్కువగా యూటీసీలో ఉంటాయి, మన ల్యాప్‌టాప్‌లు దానికి అయిదున్నర గంటలు ముందుంటాయి. మన అర్ధరాత్రి అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర. పుట్టినతేదీని తేదీగా కాకుండా సమయంతో కలిపి దాచే అప్లికేషన్‌లో మనుషులు ఒక రోజు ముందే పుట్టేస్తారు. ఎన్‌కోడింగ్, టైమ్‌జోన్ రెండింటినీ స్టార్టప్ ఆప్షన్లలో రాసి పెడితే తీరే సమస్య ఇది. రాయకపోవడం వల్ల, లాగిన్ అయిన మనిషి తనకు తెలియకుండానే ప్రోగ్రాంలో భాగమైపోతున్నారు.

చేత్తో చేసే పని ఎంత ఖరీదు కాగలదో చెప్పడానికి 2012 ఆగస్టు 1 నాటి ఘటన ఉంది. అది షేర్ మార్కెట్ ఆర్డర్లు పంపే ప్రోగ్రాం, మన వెబ్ అప్లికేషన్ లాంటిది కాదు. అయినా డిప్లాయ్‌మెంట్ గురించి ఇంత వివరంగా అధికారికంగా నమోదైన కేసు అరుదు. నైట్ క్యాపిటల్ అన్న అమెరికన్ సంస్థ కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్ల మీద కొన్ని రోజుల పాటు దశలవారీగా పెట్టించింది. టెక్నీషియన్ ఏడింటిలో పెట్టి ఎనిమిదోదాన్ని వదిలేశాడు. ఆ ఎనిమిదో సర్వర్లో ‘పవర్ పెగ్’ అనే పాత కోడ్ ఉంది, 2003లోనే దాని వాడకం మానేశారు, తీసేయడం మాత్రం ఎవరూ చేయలేదు. కొత్త కోడ్ కోసం మళ్లీ వాడుకున్న ఫ్లాగు ఒకప్పుడు ఆ పాత కోడ్‌ను లేపే ఫ్లాగే. మార్కెట్ తెరవగానే ఏడు సర్వర్లు బుద్ధిగా పనిచేశాయి, ఎనిమిదోది ఆగకుండా ఆర్డర్లు పంపుతూ పోయింది. సుమారు 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది ఆ సంస్థ మరో సంస్థతో విలీనమైపోయింది.

ఆ టెక్నీషియన్‌ను తిట్టడం తేలిక. ఎనిమిదింటిలో ఏడు సరిగ్గా చేసిన మనిషి అతను, ఏ పరీక్షలోనైనా అది డిస్టింక్షనే. 2013 అక్టోబరులో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజ్ కమిషన్ 1.2 కోట్ల డాలర్ల జరిమానాతో ఇచ్చిన ఉత్తర్వు చదివితే అసలు లోపం వేరే చోట కనిపిస్తుంది. పెట్టిన కోడ్‌ను రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక పద్ధతి ఆ సంస్థలో లేదు. మార్కెట్ తెరవకముందే సిస్టమ్ పవర్ పెగ్ పేరుతో 97 ఈమెయిళ్లు పంపింది, కానీ వాటిని హెచ్చరికలుగా చూడాలన్న ఏర్పాటు లేదు. ఇక గొడవ మొదలయ్యాక జరిగింది అన్నిటికన్నా బాధాకరం. తప్పు కొత్త కోడ్‌లో ఉందనుకుని, సరిగ్గా నడుస్తున్న ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. దాంతో ఆ ఏడింటిలోనూ పాత కోడ్ లేచి కూర్చుంది. ఎనిమిది సర్వర్లలో ఉన్న ఫైళ్లు ఒకటేనా అని చెక్‌సమ్‌లు పోల్చే స్క్రిప్టు పది లైన్లు కూడా ఉండదు. వెనక్కి వెళ్లే దారి కూడా ముందే రాసి, ఒకసారి నడిపి చూసి ఉంటే ఆ కంగారు నిర్ణయానికి అవకాశం ఉండేది కాదు. ప్రమాద సమయంలో మనిషి బుర్ర చురుగ్గా పనిచేస్తుందన్నది సినిమాల్లో నిజం.

మరి ఏం రాయాలి? ముందు తయారీ. వార్ గానీ జార్ గానీ ఒక్కసారే తయారై, టెస్టింగ్‌లో నడిచిన ఆ ఫైలే ప్రొడక్షన్‌కు పోవాలి. ప్రొడక్షన్ కోసం మళ్లీ బిల్డ్ చేశారంటే టెస్ట్ చేయని వస్తువును పెట్టినట్టే. అందుకోసం డేటాబేస్ అడ్రసు, పాస్‌వర్డు, ఇతర సర్వీసుల అడ్రసులు వార్ బయట ఉండాలి. పాస్‌వర్డులు గిట్‌లోకీ పోకూడదు. తర్వాత సర్వర్. ఏ జావా, ఏ టామ్‌క్యాట్, ఏ యూజర్, ఎంత హీప్ అన్నది సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్లో, ఒక ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఉంటే చాలు. టామ్‌క్యాట్‌ను రూట్ యూజర్ కింద నడపకండి. 1024 లోపు పోర్టు కావాలంటే రూట్ కావాలన్న సాకుతో నడిపేవాళ్లున్నారు, ముందు ఎన్‌జినెక్స్ పెట్టి 443 దానికి, 8080 టామ్‌క్యాట్‌కు వదిలేస్తే ఆ అవసరమే రాదు. టామ్‌క్యాట్ తన వెబ్‌యాప్స్ ఫోల్డర్‌ను గమనిస్తూ ఉంటుంది, పెద్ద వార్‌ను నెట్‌వర్క్ మీంచి నేరుగా అందులోకి కాపీ చేస్తే సగం వచ్చిన ఫైలునే విప్పబోయే ప్రమాదం ఉంది. పక్క ఫోల్డర్లోకి తెచ్చి, చెక్‌సమ్ సరిచూసి, అదే డిస్క్ మీద లోపలికి జరపడం మేలు. నడుస్తున్న టామ్‌క్యాట్‌ను ఆపకుండానే మళ్లీ మళ్లీ డిప్లాయ్ చేసే అలవాటు గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది: డెవలప్‌మెంట్‌లో చేసుకోండి, ప్రొడక్షన్‌లో వద్దు. థ్రెడ్‌కో, డేటాబేస్ డ్రైవర్‌కో చిక్కుకున్న పాత క్లాస్‌లోడర్ వదలకుండా ఉండిపోయి మెమరీ పేరుకుంటుంది. 2014లో జావా 8 పర్మ్‌జెన్‌ను తీసేసి మెటాస్పేస్ తెచ్చాక ఎర్రర్ పేరు మారింది, లీకు పోలేదు. జేవీఎంను రీస్టార్ట్ చేయడం సిగ్గుపడాల్సిన పని కాదు.

ఆపడం కూడా రాయాల్సిన పనే. చేతి అలవాటు ఉన్నవాళ్లు ప్రాసెస్ నంబరు చూసి ‘కిల్ మైనస్ నైన్’ కొడతారు. ఆ క్షణంలో సగంలో ఉన్న రిక్వెస్టులన్నీ తెగిపోతాయి. వెబ్ పేజీ అయితే మనిషి రిఫ్రెష్ నొక్కుతాడు. వెబ్ సర్వీసు అయితే అవతల ఉన్నది మరో ప్రోగ్రాం, డబ్బు కట్టమని పంపింది, జవాబు రాలేదు. కట్టారో లేదో దానికి తెలియదు, మళ్లీ పంపుతుంది. సర్వీసు ఆ రెండో రిక్వెస్టును గుర్తుపట్టలేకపోతే డబ్బు రెండుసార్లు పోతుంది. ముందు మామూలు టర్మ్ సిగ్నల్ పంపి, కొత్త రిక్వెస్టులు ఆపి, చేతిలో ఉన్నవి పూర్తయ్యేదాకా కాసేపు ఆగే ఏర్పాటు స్ప్రింగ్ బూట్‌లో 2020 నాటి 2.3 వెర్షన్ నుంచి ఉంది. వెబ్ సర్వీసుకు ఇంకో బాధ్యత కూడా ఉంది. మీరు మారినంత మాత్రాన దాన్ని పిలిచేవాళ్లు మారరు. కొత్త ఫీల్డు కలపొచ్చు, పాతదాన్ని ఒక్కరోజులో తీసేయడానికి లేదు. డేటాబేస్ కాలమ్‌కూ అదే సూత్రం: ముందు కొత్తది చేర్చి, రెండు వెర్షన్లూ నడిచేలా చూసి, అందరూ మారాక పాతది తీయాలి. లేకపోతే పాత వార్‌ను ఎంత భద్రంగా దాచుకున్నా వెనక్కి వెళ్లలేరు, దానికి కావాల్సిన కాలమ్ అప్పటికే పోయి ఉంటుంది.

‘మాది ఒక్క సర్వర్, ఒక్క అప్లికేషన్, ఇంత తతంగం ఎందుకు’ అనే అభ్యంతరం న్యాయంగానే వినిపిస్తుంది. నిజానికి ఒక్క సర్వర్ ఉన్నవాళ్లకే రాత ఎక్కువ అవసరం. ఎనిమిది ఉన్నవాళ్లకు ఒకటి పోతే ఏడు మిగులుతాయి, పోయినదాంట్లో ఏముండేదో మిగతావాటిని చూసి తెలుసుకోవచ్చు. ఒక్కటే ఉన్నవాళ్లకు డిస్క్ పోయిన రోజున ఆ స్క్రిప్టు తప్ప నకలు లేదు. పైగా చిన్న అప్లికేషన్‌కు స్క్రిప్టూ చిన్నదే. ఒక మధ్యాహ్నం పట్టే పని.

‘మా దగ్గర డాక్యుమెంట్ ఉంది’ అన్నది రెండో జవాబు. స్క్రీన్‌షాట్లతో వర్డ్ ఫైలు ఉంటుంది, నిజమే. దాన్ని రాసిన రోజున అది సరైనదే. ఆ తర్వాత అది సరైనదో కాదో చెప్పేవాళ్లు లేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్ డైరెక్టరీని చెరిపేశారు. కాగితం మీద ఆ సంస్థకు బ్యాకప్, రెప్లికేషన్ పద్ధతులు ఒకటికి అయిదున్నాయి. చూస్తే, రోజూ జరగాల్సిన డంప్ వెర్షన్ తేడా వల్ల చాన్నాళ్లుగా చడీచప్పుడూ లేకుండా విఫలమవుతోంది, విఫలమైందని చెప్పాల్సిన ఈమెయిళ్లూ చేరడంలేదు. చివరికి అంతకు ఆరు గంటల ముందు మరో పనికోసం తీసుకున్న స్నాప్‌షాట్ ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఇదంతా ఆ సంస్థే దాపరికం లేకుండా బయటపెట్టింది, అది మెచ్చుకోవాల్సిన విషయం. రాసి పక్కన పెట్టిన పద్ధతికీ, ప్రతి రిలీజ్‌లోనూ నడిచే స్క్రిప్టుకూ తేడా ఇదే. నడిచేది పాతబడితే ఆ రోజే బయటపడుతుంది.

‘డాకర్, కుబర్‌నెటీస్, క్లౌడ్ వచ్చాక ఇవన్నీ పాత కబుర్లు’ అనేవాళ్లతో సగం ఏకీభవిస్తాను. డాకర్‌ఫైల్ అంటే నేను చెప్తున్న రాతే, జావా వెర్షన్ నుంచి ఎన్‌కోడింగ్ దాకా అన్నీ అందులో రాయొచ్చు. రాయొచ్చు అన్నాను, దానంతటది రాసుకోదు. చాలా బేస్ ఇమేజ్‌లలో భాషా సెట్టింగు ఖాళీ, గడియారం యూటీసీ. కంటైనర్‌కు 1 జీబీ పరిమితి పెడితే, జావా 10కు ముందు, జావా 8లో 191వ అప్‌డేట్‌కు ముందు జేవీఎం ఆ పరిమితిని తనంతట తాను గుర్తించేది కాదు. మొత్తం మెషిన్ మెమరీలో నాలుగోవంతును గరిష్ఠ హీప్‌గా లెక్కేసుకునేది. 64 జీబీ మెషిన్ మీద అది 16 జీబీ అవుతుంది. కాసేపటికి కెర్నల్ దాన్ని చంపేస్తుంది, 137 అన్న ఎగ్జిట్ కోడ్ తప్ప జావా లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. అంతకంటే పెద్ద విషయం, కంటైనర్ లోపల ఏముందో తెలియకపోవడం. 2021 డిసెంబరు 9న లాగ్‌4జేలో భయంకరమైన లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతటా జావా టీముల మొదటి ప్రశ్న ఎలా సరిచేయాలని కాదు, అది మన దగ్గర ఎక్కడెక్కడ ఉందని. బిల్డ్ ఫైళ్లు, సర్వర్ల జాబితా రాసి ఉన్నవాళ్లకు అది వెతుకులాట, లేనివాళ్లకు తవ్వకం.

ఆ తవ్వకం జరగకపోతే ఏమవుతుందో అమెరికా క్రెడిట్ రిపోర్టింగ్ సంస్థ ఈక్విఫాక్స్ కేసు చెప్తుంది, ఇది అచ్చంగా జావా వెబ్ అప్లికేషన్ కథే. 2017 మార్చి 7న అపాచీ స్ట్రట్స్‌లో ప్రమాదకరమైన లోపానికి సవరణ వచ్చింది. దాన్ని పెట్టాలని ఆ సంస్థలో లోపల మెయిల్ వెళ్లింది. ఆ మెయిల్ జాబితా పాతబడిపోయిందని, ప్యాచ్ పెట్టాల్సినవాళ్ల పేర్లే అందులో లేవని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2018 నివేదిక చెప్పింది. స్ట్రట్స్ ఎక్కడుందో వెతికిన స్కానింగూ దాన్ని పట్టుకోలేదు. మే నెల మధ్యలో దొంగలు చొరబడ్డారు. లోపలి ట్రాఫిక్‌ను గమనించాల్సిన పరికరం సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉండటంతో జూలై ఆఖరు దాకా ఎవరికీ తెలియలేదు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. సంస్థ మాజీ అధిపతి అమెరికా కాంగ్రెస్ ముందు, ప్యాచ్ సంగతి చేరవేయాల్సిన ఒక వ్యక్తి ఆ పని చేయలేదని చెప్పారు. కోట్ల మంది వివరాల భద్రత ఒక్కరు మెయిల్ పంపడం మీద ఆధారపడి ఉందని ఆయన ఒప్పుకున్నట్టే అయింది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. చేత్తో చేస్తే తప్పు ఒక సర్వర్లో జరుగుతుంది, స్క్రిప్టుతో చేస్తే అన్ని సర్వర్లలో ఒకేసారి జరుగుతుంది. ఇది నిజం. 2024 జూలై 19న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలిపోయాయి, విమానాలు ఆగాయి. అక్కడ ఎవరి చెయ్యీ జారలేదు, యంత్రం చెప్పినపని చెప్పినట్టు చేసింది. కాబట్టి స్క్రిప్టులో ‘అన్నిటిలో పెట్టు’ అన్న ఆదేశం ఒక్కటే ఉంటే అది సగం రాత. ముందు ఒక సర్వర్లో పెట్టు, అది లేచిందో లేదో అడుగు, కాసేపు ఎర్రర్ల సంఖ్య చూడు, బాగుంటే తర్వాతిదానికి వెళ్లు, బాగోకపోతే పాతదాన్ని తిరిగి పెట్టు అన్నంతవరకూ రాయాలి. లేచిందా అన్న ప్రశ్నకు పోర్టు తెరుచుకుంది అన్నది జవాబు కాదు. టామ్‌క్యాట్ 10 ఉదాహరణలో పోర్టు తెరుచుకునే ఉంది, అప్లికేషనే లేదు. డేటాబేస్‌ను ముట్టుకుని వచ్చే ఒక చిన్న పేజీ, అందులో వెర్షన్ నంబరు, ఒక తెలుగు మాట ఉంటే ఎన్‌కోడింగ్ సంగతీ అక్కడే తేలిపోతుంది.

బయటికి చెప్పని అభ్యంతరం చివరిది: అంతా రాసిచ్చేస్తే నాకేం మిగులుతుంది? మన ఉద్యోగాల వాతావరణంలో ఈ భయం అసహజమేమీ కాదు, దాన్ని వెక్కిరించను. కానీ లెక్క వేసి చూడండి. మీరు లేకపోతే రిలీజ్ ఆగిపోతుందన్న కారణంతో మిమ్మల్ని ఆ ప్రాజెక్టు నుంచి కదపరు, కొత్త పని ఇవ్వరు, పెళ్లికి వెళ్లినా ల్యాప్‌టాప్ వెంట ఉండాలి. మిమ్మల్ని నిలబెడుతుందనుకున్న రహస్యమే మిమ్మల్ని కట్టేస్తుంది. సంస్థ వైపు నుంచి చూసినా, నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ అనేక ఏళ్ల సర్వేల ఆధారంగా 2018లో తెచ్చిన ‘యాక్సిలరేట్’ పుస్తకం ఒక ముఖ్యమైన సంగతి తేల్చింది: తరచూ డిప్లాయ్ చేసే టీములే తక్కువ విఫలమవుతున్నాయి, విఫలమైనా త్వరగా కోలుకుంటున్నాయి. నెలకోసారి, ప్రాణాలు ఉగ్గబట్టుకుని, ఒక వీరుడి చేతుల మీదుగా చేసే టీముకు ఆ వేగం రాదు. వేగం కావాలనుకునే మేనేజర్‌కు అవసరమైన మనిషి, సర్వర్ రహస్యాలు తెలిసినవారు కాదు, రహస్యాలు లేకుండా చేయగలిగినవారు. ఇంటర్వ్యూలో కూడా ఏ ఫైలు ఎక్కడుందో అడగరు, ఆ ఏర్పాటును మీరు ఎలా కట్టారో అడుగుతారు.

మొదలుపెట్టడానికి కొత్త టూలు అక్కర్లేదు. వచ్చే రిలీజ్‌ను టీమ్‌లో అందరికన్నా జూనియర్ చేత చేయించండి. మీరు పక్క కుర్చీలో కూర్చోండి, కీబోర్డు ముట్టుకోవద్దు, అడిగినదానికి జవాబు చెప్పేముందు ఆ ప్రశ్నను ఒక ఫైల్లో రాసుకోండి. ఏ యూజర్‌తో లాగిన్ అవ్వాలి, పాత వార్ ఎక్కడ దాచాలి, ఈ వార్నింగ్ మామూలుగా వచ్చేదేనా, ఇప్పుడు ఎంతసేపు ఆగాలి అని అడుగుతారు. ఒక్కో ప్రశ్న స్క్రిప్టులో లేని ఒక్కో లైను. రెండు మూడు రిలీజ్‌ల తర్వాత ప్రశ్నలు పలచబడతాయి. ‘అంతా బాగానే వచ్చిందని ఎలా తెలుస్తుంది?’ అన్న ప్రశ్న మాత్రం ఆఖరిదాకా మిగులుతుంది. దానికి మీ నోట్లోంచి ‘ఆగు, నేను లాగ్ చూసి చెప్తాను’ అన్న మాట వస్తున్నంతకాలం ఆ ఫైల్లో ఇంకో లైను రాయాల్సి ఉంది.